మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

మా బిల్డింగుకు గ్యాసు పైపు వేసి వెళ్ళిన రోజు నుంచీ నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. వచ్చినవాళ్ళ పనికి వంక పెట్టడానికేమీ లేదు. వంటింటి గోడకు రంధ్రం చేశారు, పసుపు రంగు ఇనుప గొట్టాలు బిగించారు, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ పూసి బుడగలు లేస్తాయేమోనని కూర్చుని చూశారు. పోయే ముందు వాళ్ళలో పెద్దవాడు కిటికీ పైనున్న చిన్న జాలీని చూపించి, "ఆంటీ, యే జాలీ కభీ బంద్ మత్ కర్నా" అన్నాడు, దాన్నెప్పుడూ మూయొద్దని. ఈ గ్యాసు గాలికంటే తేలికట. లీకైతే పైకి లేస్తుందట, ఆ జాలీలోంచే బయటికి పోవాలట. నేను తల ఊపాను. వాళ్ళింకా లిఫ్టు దిగారో లేదో, మా కోడలు సుజాత జాలీ వైపు చూసి, "అత్తమ్మా, దీంట్లకెల్లి ధూళ్ మస్తు వస్తది. ఫర్నిచరాయన వచ్చినప్పుడు ప్లైవుడ్ కొట్టిపిద్దాం" అంది. దుమ్ము మాట నిజమే. మాన్కోలి గోదాములకు పోయే లారీలు పొద్దంతా మా ముందునుంచే పోతాయి. అయినా నేను "వద్దు" అన్న తీరుకు ఆ పిల్ల బిత్తరపోయి నా ముఖం చూసింది. ఆమె తప్పేముంది. ఆ మధ్యాహ్నం సంగతి నేనెప్పుడూ ఇంట్లో చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఇంతకాలం కథలు రాస్తూ వచ్చినదాన్ని, దాన్ని మాత్రం పక్కకు నెడుతూ వచ్చాను. ఇప్పుడు గోడ మీద ఆ పసుపు గొట్టం కనబడినప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

మా పెద్దమ్మ రాజవ్వ భివండిలో ఖానావళి నడిపేది. ఖానావళి అంటే, ఊళ్ళో పెళ్ళాంపిల్లల్ని వదిలి మగ్గాల మీద పనికి వచ్చిన మగవాళ్ళకు రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మన నేతపనివాళ్ళకు ఈ ఊళ్ళో జొన్నరొట్టె, పచ్చిపులుసు, ముద్దపప్పు దొరికేది అలాంటి ఇళ్ళలోనే. పెద్దమ్మకు పిల్లల్లేరు. మా అమ్మా బాపూ పక్క గల్లీలోనే ఉండేవాళ్ళు కానీ, పదో తరగతి అయ్యాక నేను తిన్నదీ పడుకున్నదీ అంతా పెద్దమ్మ దగ్గరే. తెల్లవారకముందే ఆమె లేచి, చిన్న డబ్బాలోంచి మాడ్చిన పొగాకు పొడి, ఇక్కడివాళ్ళు మిస్రీ అంటారు, వేలితో తీసుకుని పళ్ళకు రుద్దుతూ గడప మీద కూర్చునేది. ఆ కాసేపు ఆమెను ఎవరూ పలకరించకూడదు. నోరు కడుక్కుని లేచిందంటే ఇక రాత్రి వరకు కూర్చోవడం లేదు. పిండి తడపడం, రొట్టెలు చరచడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, మధ్యలో ఎవడి ఊరి నుంచి ఏ కబురు వచ్చిందో అడగడం. తినడానికి వచ్చేవాళ్ళ జుట్టు మీద, కనుబొమల మీద, చెవుల్లో తెల్లటి దూది పొట్టు అంటుకుని ఉండేది. చేతులు కడుక్కోమంటే ముఖమూ కడుక్కుని, మనిషి మారిపోయినట్టు లోపలికి వచ్చేవాళ్ళు.

ఖానావళి గోడకు ఆనుకునే మగ్గాల షెడ్డు. పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు, దాంట్లోనే ముకద్దం. అంటే పనివాళ్ళమీద మేస్త్రీ. ఆ మోత ఎలా ఉండేదో ఈ కాలంవాళ్ళకు చెప్పడం కష్టం. చెవితో వినేదాని కంటే ఒంటితో వినేది ఎక్కువ. బిందెలో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతుండేవి. గోడకు తగిలించిన గరిటెలు వాటిలో అవే కొట్టుకునేవి. మాటలు సగం పెదవులు చూసి, సగం చేతులు చూసి తెలుసుకునేవాళ్ళం. ఆ గల్లీలో పుట్టిన పసిపిల్లలు ఆ మోతలోనే నిద్రపోయి, అది ఆగితే లేచి ఏడ్చేవాళ్ళు. పెద్దబాపుకు మగ్గాల మధ్య ఉండీ ఉండీ చెవులు సగం పోయాయి. చెవుల సంగతి అలా ఉంటే ముక్కుల సంగతి మరీనూ. నూలుకు పెట్టే గంజి పులిసిన వాసన, మగ్గాలకు పోసే నూనె, గటర్‌లో మురుగు కంపు, బీడీల పొగ, పెద్దమ్మ తాలింపు అన్నీ కలిసి ఒకటే వాసన అయిపోయి, అదే గాలి అనుకుని బతికేవాళ్ళం. ఏదైనా కొత్త చప్పుడు వచ్చినా వినబడని, కొత్త వాసన వచ్చినా తెలియని చోట ఉన్నామన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

మాకు గ్యాసు అంటే అంతకుముందు కిరోసినే. మా వైపు దాన్నే గ్యాసునూనె అంటారు. అసలు గ్యాసు సిలిండరు మా ఖానావళికి వచ్చింది పెద్దమ్మ కళ్ళ వల్ల. పొగకు ఆమె కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతుంటే, డాక్టరు కట్టెల పొయ్యి మానమన్నాడు. పెద్దబాపుకు ఇష్టం లేదు. "గా గ్యాసు ఉన్న దిక్కుకు నేను రాను" అన్నాడు, అన్నట్టే సిలిండర్లు పెట్టిన మూలకు ఏనాడూ పోలేదు. ఆ మూల వెనకవైపు ఉండేది, మోరి పక్కన. మోరి అంటే గిన్నెలు తోముకునే, నీళ్ళు పారబోసుకునే చిన్న గట్టు. సిలిండర్లు తెచ్చేవాళ్ళు వెనక గల్లీలోంచి వచ్చి అక్కడే దింపేవాళ్ళు. పొయ్యి మాత్రం వెలుతురు కోసం ముందు కిటికీ దగ్గర పెట్టుకుంది పెద్దమ్మ. మధ్యలో రబ్బరు పైపు చాలలేదు. కంపెనీ మనిషి ఇంత దూరం లాగకూడదని చెప్పి చేతులు దులుపుకుని పోయాడు. గల్లీ చివర స్టవ్వులు బాగుచేసే మిస్త్రీ ఒకడుండేవాడు. వాడు రెండు పైపు ముక్కల్ని ఒక ఇత్తడి గొట్టంతో అతికి, పైన తీగ చుట్టి, పిండి డబ్బాల వెనకగా నేలమీద పరిచి పోయాడు. చుట్టుపక్కల ఖానావళులన్నిటికీ వాడే అలా చేసి పెట్టాడు. పెద్దమ్మ ఆ రోజు వాడికి కడుపునిండా అన్నం పెట్టింది.

ఇక్కడ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ గల్లీ ఎత్తు పెరిగింది, షెడ్డు మాత్రం పాత లోతులోనే ఉండిపోయింది. లోపలికి పోవాలంటే మెట్లు దిగాలి. మా మోరి నీళ్ళు పోవడానికి గోడకు కింద ఒక బొక్క ఉండేది. ఆ నీళ్ళు షెడ్డు లోపల గోడ వెంట పారే కాలువలో పడి అటునుంచి గటర్‌లోకి పోయేవి. నీళ్ళు పోయే దారిన ఇంకేమైనా కూడా పోతుందని మేం అనుకోలేదు.

ఎండాకాలం మొదట్లో సాయిలు అని ఒకాయన కొత్తగా పనికి వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, మాట తక్కువ మనిషి. మొదటిరోజు అన్నానికి కూర్చున్నప్పుడే ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

"అవ్వా, గీడ ఏందో మురిగిన గుడ్డు వాసనస్తున్నది" అన్నాడు.

పంక్తిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒకడు, "గిది భివండి అన్నా. వాసన రాకుంటే గప్పుడు అడుగు" అన్నాడు. పెద్దమ్మ తన వంటకు వంక పెట్టాడనుకుని ముఖం ముడుచుకుంది. "గటర్ నిండిందేమో తియ్యి. పప్పు తిను, చల్లారుతది" అంది. సాయిలు తల వంచుకుని ముద్ద మింగాడు. తర్వాత రోజుల్లో కూడా కూర్చోగానే ఆయన ముక్కు ఒకసారి అటూ ఇటూ కదిలేది, కళ్ళు నేలవైపు పోయేవి. నేను వడ్డిస్తూ చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఆ కదలిక కూడా పోయింది. ఆయనా మాలాగే అయిపోయాడనుకున్నాను.

ఆ మధ్యాహ్నం పనివాళ్ళంతా తిని వెళ్ళిపోయారు. పెద్దమ్మ పెద్ద అన్నం గుండిగను మోరి దగ్గరికి ఈడ్చింది. నేను కంచాలు తోముతున్నాను. పొయ్యి ఆర్పే ఉంది, కానీ సిలిండరు దగ్గర మూయడం మాకు అలవాటు లేదు. రోజూలాగే కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు పోవడమంటే గల్లీకి సెలవు దొరికినట్టే. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ ఆగిపోయాయి, షెడ్డులో పెద్ద పంకాలు తిరిగి తిరిగి నిలబడ్డాయి. చెవుల్లో దూది తీసేసినట్టయింది. వీధిలో ఎవరో పిల్లవాణ్ణి పిలవడం, కాకి, నా చేతిలోంచి కంచం మీద పడే నీటి చుక్క, అన్నీ వినిపించాయి. వాటి వెనక ఇంకొకటి. సన్నగా, తెగకుండా, పాము బుస కొట్టినట్టు.

"పెద్దమ్మా, గీడ ఏదో సుయ్యిమంటున్నది" అన్నాను.

"కుక్కర్ గావొచ్చు."

"పొయ్యి మీద ఏం లేదు."

ఆమె చేతిలో పీచు అలాగే ఆగిపోయింది. ఇద్దరం పిండి డబ్బాల వైపు చూశాం. పెద్దమ్మ డబ్బాలు జరిపింది. గుండిగ ఈడ్చినప్పుడు తగిలిందో ఏమో, మిస్త్రీ కట్టిన తీగ జారిపోయి, ఇత్తడి గొట్టం పైపులోంచి బయటికి వచ్చి పడి ఉంది. ఆమె ఒక్క అడుగులో సిలిండరు దగ్గరికి పోయి మర తిప్పి మూసేసింది. బుస ఆగింది. హమ్మయ్య అనుకుని నేను కిందికి వంగాను, నా చేతిలోంచి జారి దొర్లిపోయిన కంచం తీయడానికి. మోరి బొక్క దగ్గర ముఖం పెట్టేసరికి ఆ వాసన నన్ను ముక్కు మీద గుద్దినట్టయింది. నిలబడితే లేదు. వంగితే ఉంది. బొక్క దగ్గరైతే ఊపిరి ఆడనంత ఉంది. నేను బొక్క వైపు చెయ్యి చూపించాను. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, మిస్రీకి సగం చచ్చిన ఆ ముక్కును నేలకు ఆనించింది. లేచి గోడ అవతలి షెడ్డు వైపు చూసింది.

"కిందికి పోయిందే" అంది. "షెడ్డులకు పోయింది మొత్తం."

కరెంటు పోతే మగవాళ్ళు చేసే మొదటి పని షెడ్డు మెట్ల మీద కూర్చుని బీడీ ముట్టించడం. పెద్దమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. నేను కంచాలు కడిగిన నీళ్ళ తొట్టి ఎత్తి, ఆ బరువుతోనే ఎట్లా పరుగెత్తిందో నాకిప్పటికీ తెలియదు, వీధిలోకి పోయి, మెట్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళ నెత్తిన ఆ ఎంగిలి నీళ్ళు గుమ్మరించింది. అగ్గిపెట్టె తీసినవాడి చేతిలో అగ్గిపెట్టె, నోట్లో బీడీ తడిసి ముద్దయ్యాయి. వాళ్ళు తిట్టడానికి లేచారు. ఆమె గొంతు పెంచలేదు. ఆ నిశ్శబ్దంలో పెంచాల్సిన అవసరం లేదు.

"లేవుండ్రి. దూరం పోండ్రి. షెడ్డుల గ్యాస్ నిండింది. ఎవ్వడన్న పుల్ల గీసిండంటే అందరం పోతం."

వాళ్ళు లేచి గల్లీ చివరికి నడిచారు. నడిచాక పరుగెత్తారు. పెద్దబాపు మాత్రం నిలబడ్డాడు. ఆయనకు ఆమె మాట సగమే వినబడింది. పెద్దమ్మే ఆయన దగ్గరికి పోయి, ముఖాన్ని తనవైపు తిప్పుకుని, పెదవులు కనబడేలా మళ్ళీ చెప్పింది. అప్పుడు ఆయన అడిగిన మాట ఒక్కటే.

"లైట్లు, మోటార్లు అన్ని చాలూ ఉన్నయి. కరెంటొస్తే?"

అంతదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. కరెంటు పోయినప్పుడు స్విచ్చులు తీసే అలవాటు ఎవరికీ లేదు. కరెంటు రాగానే దీపాలు మినుకుమంటాయి, మోటార్లలో నిప్పురవ్వలు లేస్తాయి. కప్పునుంచి నేలదాకా, మగ్గం మీదా గోడ మీదా అంగుళం మేర దూది పొట్టు. షెడ్డు మొత్తానికి మేన్ స్విచ్చు ఒకటే, అది లోపల చివరి గోడకు ఉంది. కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో లేడు. గంటకు రావచ్చు, మాట్లాడుతుండగానే రావచ్చు.

"సాయిలు లోపట పండుకున్నడు" అన్నాడు పెద్దబాపు. "డబుల్ డ్యూటీ చేసిండు."

"నువ్వు పోకు" అంది పెద్దమ్మ.

"మరెవరు పోతరు?"

ఆయనకు ఆ బుస వినబడలేదు, ఆ వాసన తగల్లేదు. భార్య చెప్పింది, అంతే. భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకు కట్టుకుని మెట్లు దిగాడు. లోపల చీకటిగా ఉంది. మేం వాకిట్లోంచి చూస్తున్నాం. తెల్లటి బనీను మగ్గాల మధ్య కాసేపు కనిపించింది, తర్వాత కనిపించలేదు. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె గాజులు నా చర్మంలోకి దిగిపోతున్నా నేను లాక్కోలేదు. ఎదురింటి డాబా మీద ఎవరో బట్టలు ఆరేస్తూ కూనిరాగం తీస్తోంది. ఆమెకు ఏమీ తెలియదు. వీధంతటికీ ఏమీ తెలియదు.

తర్వాత కరెంటు వచ్చింది. గల్లీ మొదట్లో షెడ్డు ముందుగా మొరిగినట్టు లేచింది, దాని పక్కది, దాని పక్కది, ఆ మోత మావైపు నడిచి వస్తున్నట్టు వచ్చింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. ఎడమవైపు షెడ్డు మొదలైంది. కుడివైపు షెడ్డు మొదలైంది. మధ్యలో మాది మాత్రం చీకటిగా, చప్పుడు లేకుండా ఉండిపోయింది.

ఆయన మేన్ దించాడని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. అప్పటికి పెద్దబాపు సాయిలును చంకల కింద చేతులు వేసి ఈడ్చుకుంటూ మెట్ల దాకా వచ్చాడు. నేలమీద పడుకున్నాడు కదా, సాయిలు తల తిరిగి, కాళ్ళు నిలవక, గల్లీలో కూలబడి వాంతి చేసుకున్నాడు. పెద్దబాపు గోడకు ఆనుకుని కూర్చుని, తువ్వాలు విప్పి, చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

సాయంత్రం సేటు వచ్చాడు. మనవాడే, మన వైపు నుంచి ముందు తరంలో వచ్చి షెడ్డు పెట్టినవాళ్ళ కొడుకు. తలుపులన్నీ తీసి ఉన్నాయి. వాసన పోయిందన్నాడు, మేన్ ఎక్కించమన్నాడు. పెద్దబాపు స్విచ్చు బోర్డు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నాకు వాసన రాదు సేటూ. మా ఇంటామెను అడుగు."

పెద్దమ్మ దిగి వచ్చి, కాలువ వెంట వంగి వంగి నడిచి చూసి, "ఇయ్యాళ వద్దు" అంది.

"గంత భయమైతే ఊరికి పోండ్రి" అన్నాడు సేటు. కానీ స్విచ్చు దగ్గరికి ఆయన కూడా పోలేదు.

తెల్లారి మగ్గాలు నడిచాయి. కంపెనీ మనిషిని పిలిపించి కొత్త పైపు వేయించాం, పొయ్యిని సిలిండరు దగ్గరికే జరిపాం. వెలుతురు లేకపోయినా పెద్దమ్మ అక్కడే వండింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆమెకు అవలేదు. ముందుగా ఆ వాసన పట్టినవాడు ఆయనే కదా, రోజూ పంక్తికి మొదటి కంచం సాయిలుకే పెట్టి, ఆయన ముద్ద కలిపేలోపు అడిగేది, "ఏమన్న వస్తున్నదా సాయిలూ?" ఆయన ముక్కు ఎగబీల్చి, లేదని తల ఊపాకే మిగతావాళ్ళకు వడ్డన. మొదట్లో జనం నవ్వారు, తర్వాత వాళ్ళు కూడా ఆయన తల ఊపే దాకా ఆగేవాళ్ళు. మగ్గాలు నడుస్తుండగా, మాట మధ్యలో, రొట్టె మధ్యలో ఆమె చెయ్యి ఆగిపోయేది. తల పక్కకు వంచి వినేది. ఆ మోతలో వినబడడానికి ఏముంటుంది? అయినా వినేది.

అదే మిస్త్రీ కట్టిన పైపులు ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో ఆమెకు తెలుసు. సాయిలును వెంటబెట్టుకుని ఒక్కో ఖానావళికీ పోవడం మొదలుపెట్టింది. కొందరు మార్చుకున్నారు. కొందరు మార్చామని అబద్ధం చెప్పారు. వెనక గల్లీలో భాగ్యవ్వ అని ఆమె స్నేహితురాలు ఉండేది. భర్త పోయిన మనిషి, పెద్దమ్మా ఆమే ఒకే రైలులో, ఒకే బోగీలో నేలమీద కూర్చుని ఈ ఊరు వచ్చారు. ఇక్కడ వండిన కూర అక్కడికీ, అక్కడ వండింది ఇక్కడికీ గిన్నెల్లో తిరిగేది. ఆ ఇంటికి నేనూ వెళ్ళాను. పనివాళ్ళు తింటున్నారు. పెద్దమ్మ చెప్పగా సాయిలు గోడ పక్కన వంగి, నేల దగ్గర ముక్కు పెట్టాడు.

"ఉన్నది అవ్వా. జరంత ఉన్నది" అన్నాడు.

తింటున్నవాళ్ళ చేతులు ఆగాయి. భాగ్యవ్వ ముఖం ఎర్రబడింది.

"గిరాకీలు తినేటప్పుడు గిట్లనా అక్కా? నా బువ్వ మీద కొడుతున్నవు నువ్వు."

"బువ్వ గాదు భాగ్యా, పైపు. గా మిస్త్రీ నాకు గిట్లనే కట్టిండు. మార్పియ్యి."

"మార్పిస్త. ముందుగాల తాడ్‌పత్రి కట్టాలె. వానలు మీదికొచ్చినయ్. గది అయినంక చూస్త."

పెద్దమ్మ ఇంకా ఏదో అనబోయింది. భాగ్యవ్వ గరిటె తీసుకుని అటు తిరిగి వడ్డించసాగింది. మేం వచ్చేశాం. ఆ తర్వాత గిన్నెలు తిరగడం ఆగిపోయింది.

వానలు వచ్చాయి. భివండిలో వానాకాలమంటే ప్రతి ఇల్లూ నాలుగు వైపులా తాడ్‌పత్రి, అంటే టార్పాలిన్ పట్టా, కట్టుకుని సంచిలా మూసుకుపోవడమే. ఒక పొద్దున పెద్దమ్మ రొట్టెలు చరుస్తోంది, నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మగ్గాలు జోరుగా నడుస్తున్నాయి. ఆ మోతను దాటుకుని ఒక చప్పుడు వచ్చింది. నేల ఒకసారి ఎగిరి పడినట్టయింది. మా కప్పుకు ఏళ్ళ తరబడి వేలాడుతున్న దూది పొట్టు అంతా ఒక్కసారి రాలి, రొట్టెల మీద, పిండి మీద, మా తలల మీద తెల్లగా పడింది. పెద్దమ్మ ఎటువైపని చూడలేదు, ఏమిటని అడగలేదు. పిండి చేతులతోనే లేచి వెనక గల్లీ వైపు వానలో పోయింది. నేను వెనకాల పరుగెత్తాను. షెడ్లలో మగ్గాలు మాత్రం ఆగలేదు.

పనివాళ్ళు ఇంకా రాకముందే జరిగింది కాబట్టి లోపల భాగ్యవ్వ ఒక్కతే ఉంది. పొద్దున్నే లేచి పుల్ల గీసిందట. పెద్దాసుపత్రికి ముంబయి తీసుకుపోయారు. మర్నాడు నన్ను తోడు తీసుకుని పెద్దమ్మ వెళ్ళింది. కళ్ళూ నోరూ తప్ప మనిషంతా గుడ్డలే. మమ్మల్ని గుర్తుపట్టిందో లేదో మొదట తెలియలేదు. పెద్దమ్మ మంచానికి దగ్గరగా వంగింది.

"అక్కా" అంది భాగ్యవ్వ. "శెనగపప్పు నానబోసిన. పాడైతది."

ఆ ఇంట్లో పప్పు కాదు కదా, పప్పు నానబోసిన గిన్నె కూడా మిగల్లేదు. పైకప్పు రేకు ఎదురు డాబా మీద దొరికింది.

"ఉడకేసిన" అంది పెద్దమ్మ. "అందరు తిన్నరు. మంచిగున్నదన్నరు. నువ్వు పండుకో."

భాగ్యవ్వ కళ్ళు మూసుకుంది. రెండు రోజులకు పోయింది. ఆమె దగ్గర తినేవాళ్ళందరినీ పెద్దమ్మ మా పంక్తిలో కూర్చోబెట్టుకుంది, ఎవర్నీ పొమ్మనలేదు. భాగ్యవ్వ ఇంటికి పోయి వచ్చిన రోజు గురించి పెద్దమ్మ తర్వాత నాతో మాట్లాడింది ఒక్కసారే. బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "నేను గప్పుడు వాపస్ రాకుంట ఉండాలె. ఆడ్నే కూసుంటే ఆమెనే మార్పిస్తుండె" అంది. ఆమె చేతులు బియ్యం ఏరుతూనే ఉన్నాయి.

ఇప్పుడు ఆ గల్లీ లేదు. షెడ్లలో చాలా వాటిని అమ్మేశారు, కొన్నిచోట్ల బిల్డింగులు లేచాయి, మేమున్నది కూడా ఒకప్పటి షెడ్డు స్థలమే. మగ్గాలు నడిపిన మనుషుల కొడుకులు పూర్ణలో, మాన్కోలిలో గోదాముల్లో పెట్టెలు ఎక్కించి దించుతున్నారు. మా అబ్బాయి అక్కడే సూపర్‌వైజరు. పెద్దమ్మ, పెద్దబాపు ఇద్దరూ పోయారు. సాయిలు ఊరికి తిరిగి వెళ్ళాడు, తర్వాత కబురు తెలియదు. అప్పటి సిలిండరు గ్యాసు గాలికంటే బరువు, చావు నేలమీద పాకుతూ వచ్చేది, ఇప్పుడు కప్పు కింద పోగవుతుందట. అప్పుడు ఇళ్ళు వద్దన్నా గాలి వచ్చే ఇళ్ళు, వానాకాలం తప్ప. ఇప్పుడు ఏడాదంతా వానాకాలమే. దుమ్మని, పావురాలని, ఏసీ చల్లదనం పోతుందని అద్దాలు బిగించుకుంటున్నాం. పైపులు బాగున్నాయి, మీటర్లు బాగున్నాయి, సబ్బు నురగ పూసి చూసి మరీ పోయారు. ఆ మిస్త్రీ లాంటివాడు ఎవడూ లేడు. అయినా పసుపు గొట్టం అందంగా లేదని చెక్క అల్మారాల వెనక దాచుతున్నారు. ఒక తేడా మాత్రం నిజంగా పెద్దది. ఇప్పుడు ఈ ఊరు నిశ్శబ్దంగా ఉంది. పక్కింట్లో ఫోను మోగితే మా ఇంట్లో వినబడుతుంది. వినాలనుకుంటే అన్నీ వినబడతాయి.

అందుకే మొన్న నేను బిల్డింగులో ఒక్కో తలుపూ తట్టాను. నా కోడలికి సిగ్గేసింది. "లోగ్ ఏమనుకుంటరు అత్తమ్మా" అంది. కొందరు గొలుసు తీయకుండానే మాట్లాడారు. ఒకాయన నన్ను గ్యాసు కంపెనీ మనిషిననుకున్నాడు. పై అంతస్తులో కావ్య అని మన తెలుగు పిల్లే, ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదువుకుంది. చంటిబిడ్డను చంకన ఎత్తుకుని తలుపు తీసి, నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. వంటింట్లోకి పోయి చూస్తే జాలీ మీద అట్టముక్క పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఉంది.

"పాపకు సర్దీ అయితది ఆంటీ. సుతార్‌కు చెప్పిన, సండేకు వచ్చి మంచిగ సిస్టమ్ చేస్తడు. టెన్షన్ నక్కో." సుతార్ అంటే ఇక్కడ వడ్రంగి, నక్కో అంటే వద్దు.

"సండే దాకా వద్దు బిడ్డా. ఇప్పుడే తీద్దాం."

ఆమె నవ్వింది. పెద్దదాన్ని కదా అని మాట తీసెయ్యలేక, బిడ్డను నా చేతుల్లో పెట్టి, స్టూలెక్కి టేపు లాగి అట్ట తీసింది. వీధిలోని గాలి, దుమ్ము, లారీ హారను అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. బిడ్డ నా భుజం మీద తుమ్మింది. నేను ఆ పిల్లకు ఆ మధ్యాహ్నం సంగతి చెబుదామనుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, బిడ్డను తిరిగిచ్చి, టీ వద్దని చెప్పి బయటికొచ్చాను. లిఫ్టు ఆగిపోయి ఉంది. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని మెట్లు దిగసాగాను.

మలుపు తిరిగానో లేదో, పైన స్టూలు జరిగిన చప్పుడైంది. ఆ వెనకే చుట్టలోంచి టేపు లాగిన చప్పుడు, చర్రుమని, పొడుగ్గా. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

నేను గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాను. తర్వాత వెనక్కి తిరిగి మెట్లెక్కాను.